ఉద్యోగవిరమణ సొమ్ము, పొలము రాబడి: పన్ను లెక్క

పెదకాకాని చుట్టుపట్ల గ్రామములలో పెక్కు కుటుంబములకు నేడు రాబడి రెండు దారుల వచ్చుచున్నది. అన్న ప్రత్తి, మిరప వేయుచుండును. తమ్ముడు నూలు మిల్లులోనో, ప్రభుత్వ పాఠశాలలోనో, సహకార బ్యాంకులోనో, 1976లో మన పొలిమేరన వెలసిన నాగార్జున విశ్వవిద్యాలయములోనో పనిచేయుచుండును. ఉద్యోగము చాలించినవాడు ఊరికి తిరిగివచ్చి, తన వాటా పొలమును చేతికి తీసికొనుటయు, చేతికందిన సొమ్ముతో ఇంకొక రెండెకరములు కౌలునకు పట్టుటయు మన మెరిగినదే.

అట్టివాడు ఊరు చేరిన నాటినుండి రచ్చబండ యొద్ద రెండు మాటలు వినును. "వచ్చినదాంట్లో సగం గవర్నమెంటే పట్టుకుపోతుందట గదా మాస్టారూ" అని యొకరు. "మనం రైతులం, మనకు పన్నేమిటండీ" అని మరియొకరు. మొదటి మాట నమ్మినవాడు భయపడి సొమ్మును చీటీలలోను, ప్రామిసరీ నోట్లలోను పెట్టి అసలునకే మోసము తెచ్చుకొనును. రెండవ మాట నమ్మినవాడు లెక్క చెప్పక యూరకుండి, కొన్నేండ్లకు నోటీసు అందుకొని గుంటూరులో ఆడిటరు గుమ్మము చుట్టు తిరుగును. రెండు మాటలును సరియైనవి కావు.

చట్టము ఈ సొమ్మునంతటిని ఒక కుప్పగా చూడదు. గ్రాట్యుటీ యొకటి, సెలవు జీతము వేరొకటి, ప్రావిడెంటు ఫండు మరియొకటి, నెలనెల వచ్చు పింఛను ఇంకొకటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమము గలదు. విరమించిన దినమున ఒక్కసారిగా చేతికి వచ్చు పెద్ద మొత్తములో ఎక్కువ భాగము పన్ను లేకయే వచ్చును. పన్ను తగులునది ఆ తరువాత ఏటేట వచ్చు పింఛనునకును, ఆ మొత్తమును దాచిన చోట పుట్టు వడ్డీకిని. ఇక పొలము రాబడికి పన్ను లేకపోయినను, కొందరి విషయమున అది పింఛనుపై పన్నును పెంచును. ఈ కడపటి సంగతి మన గ్రామములలో తెలిసినవారు తక్కువ గనుక దానిని కొంత విపులముగ వ్రాయుచున్నాను.

మొదట పొలము సంగతి. మన దేశమున ఆదాయపు పన్ను 1860లో జేమ్సు విల్సను విధించినపుడు భూమి రాబడిపై గూడ పడినది. 1886 నాటి చట్టము వ్యవసాయాదాయమును విడిచిపెట్టెను. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము ఆ యధికారమును రాష్ట్రములకు ఇచ్చినది. కేంద్రము పొలము రాబడిపై పన్ను వేయజాలదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు చేసిన క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. అందును ఈ మినహాయింపు యథాతథముగ నున్నది.

ఇప్పుడు విరమణ సొమ్మునకు వత్తము.

గ్రాట్యుటీ యనగా చిరకాలము చేసిన సేవకు యజమాని ఇచ్చు ప్రతిఫలము. ప్రభుత్వోద్యోగికి వచ్చు గ్రాట్యుటీపై పన్ను ఎంతమాత్రమును లేదు. ఇతరుల విషయమున 1972లో ప్రత్యేక చట్టము పుట్టెను. ఆ నియమములు 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసినవి. పదిమందికి తగ్గక పనివారు గల సంస్థలో ఐదేండ్లు ఎడతెగక పనిచేసినవానికి ఇది హక్కు. ఉద్యోగములో నుండగా మరణించిన వానికిని, అంగవైకల్యము కలిగిన వానికిని ఐదేండ్ల నియమము లేదు. లెక్క యెట్లనగా, కడపటి నెల జీతమును, అనగా మూలవేతనమును కరువుభత్యమును కలిపి, 26 చేత భాగించి 15 చేత హెచ్చించిన పదునైదు దినముల జీతము వచ్చును. దానిని సేవ చేసిన యేండ్లతో హెచ్చింపవలెను. మూలవేతనమును తక్కువ చేసి, తక్కినదంతయు వేరు వేరు భత్యములుగ చూపు యజమానులు పూర్వము కలరు. క్రొత్త స్మృతి ప్రకారము భత్యములు మొత్తము చెల్లింపులో సగమునకు మించినచో, ఆ మించిన భాగమును జీతముగనే యెంచవలెను.

ఒక మిల్లు గుమాస్తా కడపటి జీతము 26,000 రూపాయలనుకొందము. సేవ 30 ఏండ్లు. పదునైదు దినముల జీతము 15,000. ముప్పది యేండ్లకు 4,50,000. ప్రభుత్వేతరులకు 20 లక్షల వరకు గ్రాట్యుటీపై పన్ను లేదు గనుక అతడు ఒక్క రూపాయియు కట్టనక్కరలేదు. ఈ 20 లక్షల హద్దు 2018 మార్చి 29 నుండి యున్నది. అంతకు ముందు 10 లక్షలు. ఇది జీవితమంతటికి ఒక్కటే హద్దు. ఒక మిల్లులో కొంత, వేరొక మిల్లులో కొంత పుచ్చుకొన్నవాడు రెండింటిని కలిపి చూచుకొనవలెను.

ఇచట మన సంఘములలో పనిచేయువారు గమనింపదగిన విషయమొకటి గలదు. పరపతి సంఘపు కార్యదర్శియు, జిల్లా సహకార బ్యాంకు గుమాస్తాయు, పాల సంఘపు పనివాడును ప్రభుత్వము వారి అజమాయిషీలో నున్నట్లు కనబడినను, పన్ను లెక్కలో ప్రభుత్వోద్యోగులు కారు. కావున ప్రభుత్వపు బడి పంతులుగారికి హద్దు లేని చోట వీరికి హద్దు గలదు. సెలవు జీతము విషయమునను ఇంతే. వాడుకొనక నిలువయైన సెలవులకు విరమణ నాడు వచ్చు సొమ్ముపై ప్రభుత్వోద్యోగికి పన్ను లేదు. ఇతరులకు 2023 ఏప్రిల్ 1 నుండి 25 లక్షల వరకు లేదు. పూర్వము ఈ హద్దు 3 లక్షలు మాత్రమే. అయితే పది నెలల సగటు జీతమునకు మించరాదనియు, సేవ చేసిన యేడాదికి ముప్పది దినములకు మించి సెలవు లెక్కింపరాదనియు నియమములు గలవు. పై గుమాస్తాకు 240 దినముల సెలవు నిలువయున్నచో ఎనిమిది నెలల జీతము, అనగా 2,08,000 వచ్చును. అది పన్ను లేని సొమ్మే. ఉద్యోగములో నుండగనే సెలవులమ్ముకొని పుచ్చుకొన్న సొమ్మునకు మాత్రము ఈ మినహాయింపు లేదు. అది ఆ యేటి జీతములో కలిసిపోవును.

ప్రావిడెంటు ఫండు కడ మన గ్రామములవారు ఎక్కువగ నష్టపోవుచున్నారు. పిల్లవాడు మిల్లులోనో, శీతల గిడ్డంగిలోనో మూడేండ్లు పనిచేసి మానును. ఇంటివద్ద మిరప నారు వేయు దినములు వచ్చును, పెట్టుబడికి చేతిలో సొమ్ముండదు, ఫండు తీసివేయును. ఐదేండ్లు నిండక తీసిన ఫండు పన్నునకు లోబడినది. యజమాని వేసిన వంతును, దానిపై వడ్డీయు జీతముగ నెంచబడును. తన వంతుపై వచ్చిన వడ్డీ వేరొక యాదాయముగ నెంచబడును. ఆ మొత్తము 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని యున్నచో నూటికి పది వంతున ముందుగనే కోసి యిత్తురు. పాన్ కార్డు సంఖ్య ఇయ్యనిచో ఆ కోత నూటికి ఇరువది యగును. కోసిన సొమ్మును రిటర్ను వేసి తిరిగి రాబట్టుకొనవచ్చునని ఆ పిల్లవానికి చెప్పువారుండరు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ఒక చోట మాని వేరొక చోట చేరినవాడు పాత ఖాతాను క్రొత్త యజమానికి మార్పించుకొన్నచో రెండు సేవలును కలిపి లెక్కింతురు. గుంటూరు మిల్లులో మూడేండ్లు, చిలకలూరిపేట మిల్లులో రెండేండ్లు చేసినవానికి ఐదేండ్లు నిండినట్లే. మరియు, పనివాని తప్పు లేకయే ఉద్యోగము పోయినచో, అనగా మిల్లు మూతపడినను, పని తగ్గించి పంపివేసినను, అనారోగ్యముచే మానవలసివచ్చినను, ఐదేండ్లు నిండకున్నను పన్ను లేదు. మిల్లు మూతపడినవారు ఆ సంగతి తెలుపు కాగితమును యజమాని యొద్ద ముందుగనే వ్రాయించుకొనుట మేలు. తాళము వేసిన తరువాత సంతకము చేయువారు దొరకరు. ఐదేండ్లు నిండి తీసిన ఫండు అసలును వడ్డీయు పన్ను లేనివి. ఏటికి రెండున్నర లక్షలకు మించి తన వంతు వేసికొనువారికి ఆ మించిన దానిపై వడ్డీకి 2021 ఏప్రిల్ నుండి పన్ను గలదు గాని, అట్టివారు మన చదువరులలో ఎందరో ఉండరు.

పింఛనులో కొంత భాగమును ముందుగనే మొత్తముగ పుచ్చుకొనుటకు కమ్యుటేషను అని పేరు. ప్రభుత్వోద్యోగికి అది పూర్తిగ పన్ను లేనిది. ఇతరులకు గ్రాట్యుటీ యుండినచో పింఛను విలువలో మూడవ వంతు వరకు, లేనిచో సగము వరకు పన్ను లేదు. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర కొలువులో చేరి కంట్రిబ్యూటరీ పింఛను పద్ధతిలో నున్నవారికి దారి వేరు: విరమణ నాడు పోగైన నిధిలో నూటికి 60 వంతులు చేతికి తీసికొనవచ్చును, దానిపై పన్ను లేదు, తక్కిన 40 వంతులతో జీవిత పింఛను కొనవలెను, కొన్న దినమున పన్ను లేదు గాని నెలనెల వచ్చు ఆ పింఛనుపై గలదు.

పైని చెప్పిన ఈ మినహాయింపులన్నియు పాత పద్ధతియందును క్రొత్త పద్ధతియందును ఒక్కటే. "క్రొత్త పద్ధతిలోకి పోతే గ్రాట్యుటీకి పన్ను పడుతుంది" అని చెప్పువారి మాట నమ్మవలదు.

నెలనెల వచ్చు పింఛను పన్ను లెక్కలో జీతమువంటిదే. క్రొత్త పద్ధతిలో దానినుండి ఏటికి 75,000 రూపాయలు ముందుగ తీసివేయుదురు. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 8 లక్షల వరకు నూటికి 5, 12 లక్షల వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, దానిపైన 30. అయితే మొత్తము ఆదాయము 12 లక్షలకు మించనివారికి లెక్కలో వచ్చిన పన్ను అంతయు తగ్గింపబడును. కావున పింఛను తప్ప వేరే యాదాయము లేనివానికి ఏటికి 12,75,000 వరకు పన్ను లేనట్లే. మిల్లు పనివారికి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద వచ్చునది చాల స్వల్పము. 2014 సెప్టెంబరు నుండి దాని కనీస మొత్తము నెలకు 1,000 రూపాయలు. అట్టివారు పన్నును గురించి నిద్ర చెడగొట్టుకొన నక్కరలేదు. ఇంటి యప్పు, వైద్య బీమా మున్నగు తగ్గింపులు ఎక్కువగ గలవారు పాత పద్ధతిని కోరుకొనవచ్చును. అందు 60 ఏండ్లు నిండినవారికి 3 లక్షల వరకు, 80 నిండినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. రెండు విధములను లెక్కవేయించి తక్కువ వచ్చినదానిని పుచ్చుకొనవలెను.

ఇక పొలమునకును పింఛనునకును గల ముడి. 1972లో కె. ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘమువారు వ్యవసాయ సంపద మీది పన్నును గురించి నివేదిక ఇచ్చిరి. దానిని పురస్కరించుకొని 1973 నుండి ఒక క్రొత్త లెక్క వచ్చినది. పొలము రాబడిపై పన్ను వేయుటకు కేంద్రమునకు హక్కు లేదు. కాని ఇతర ఆదాయముపై ఏ రేటున పన్ను వేయవలెనో నిర్ణయించునపుడు పొలము రాబడిని గూడ కలిపి చూడవచ్చును. పొలముపై నికరాదాయము ఏటికి 5,000 దాటి, ఇతర ఆదాయము పన్ను లేని హద్దును, అనగా క్రొత్త పద్ధతిలో 4 లక్షలను, దాటినపుడే ఈ లెక్క.

ఒక దృష్టాంతము చూతము. విరమించిన కళాశాల ఉపన్యాసకునికి నెలకు 1,15,000 పింఛను, ఏటికి 13,80,000. అందు 75,000 తీసివేయగా 13,05,000. బ్యాంకు వడ్డీ 95,000 కలిపిన 14,00,000. సొంత పొలములో మిరప, ప్రత్తి వేయగా ఖర్చులు పోను 4,00,000 మిగిలినదనుకొందము. పొలమే లేనిచో 14 లక్షలపై పన్ను 90,000. పొలము ఉండుటచే లెక్క ఇట్లు సాగును: మొదట రెండింటిని కలిపి 18 లక్షలపై పన్ను కట్టిన 1,60,000 వచ్చును. పిదప పొలము రాబడికి పన్ను లేని హద్దైన 4 లక్షలు చేర్చి, ఆ 8 లక్షలపై పన్ను కట్టిన 20,000. మొదటిదానినుండి రెండవది తీసివేయగా 1,40,000. నూటికి 4 వంతున సెస్సు చేర్చినచో పొలము లేనివానికి 93,600, పొలము గలవానికి 1,45,600. పన్ను లేని ఆ నాలుగు లక్షల మూలమున అతడు 52,000 రూపాయలు అధికముగ కట్టుచున్నాడు.

ఇది న్యాయమా యని యడుగువారున్నారు. పింఛను మీదనే బ్రతుకు పొరుగువానికంటె అతనికి కట్టగల శక్తి యెక్కువగ నున్నదనుట నిజమే. ఐనను మిరప రాబడి ఒక యేడు నాలుగు లక్షలైన, మరుసటి యేడు తామరపురుగు దెబ్బకు అప్పుగ మారును. ఆ నష్టమును ఈ లెక్క యెట్లు చూచునో తెలిసికొనుడు: పొలములో వచ్చిన నష్టమును పింఛను ఆదాయమునుండి తీసివేయ వీలులేదు. దానిని ఎనిమిదేండ్ల వరకు ముందునకు తీసికొనిపోయి, తరువాతి యేండ్ల పొలము లాభములో మాత్రము తగ్గించుకొనవచ్చును. 2025లో మిరప ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రము క్వింటాలునకు 11,781 రూపాయల ధరతో మార్కెటు జోక్యమునకు పూనుకొనిన సంగతి అందరికిని జ్ఞాపకముండును. ఆ యేడు గ్రాట్యుటీ సొమ్మును కౌలు మిరపలో పోసినవారికి పన్ను లెక్కలో ఏ యూరటయు లేదు; సొమ్ము పోయినను పింఛనుపై పన్ను తగ్గలేదు. విరమణ సొమ్ము మొత్తమును ఒక్క పంటపై పెట్టువారికి నేను పొలములోనే చెప్పు మాట ఇది గాని, పన్ను దృష్టితో చూచినను అట్లే కనబడుచున్నది.

అందుచే ఖర్చుల లెక్క వ్రాసికొనుట ముఖ్యము. కలుపునది నికరాదాయమునే గాని అమ్మిన ధర కాదు. విత్తనము, నారు, ఎరువు, పురుగుమందు, దుక్కి, నీటి ఖర్చు, కౌలు, శిస్తు, కూలి, కల్లము ఖర్చు, యార్డుకు తోలిన కిరాయి అన్నియు తీసివేయవచ్చును. మిరపలో ఎక్కువ సొమ్ము పోవునది కోత కూలికి. వారము వారము చేతిలో పెట్టునదియు అదే, వ్రాయబడనిదియు అదే. నోటు పుస్తకములో తేది, కూలీల సంఖ్య, ఇచ్చిన సొమ్ము వ్రాసి, మేస్త్రీ సంతకము తీసికొన్నచో చాలును. మందుల కొట్టు బిల్లులను, యార్డులో ఇచ్చు తక్‌పట్టీలను పారవేయక ఒక సంచిలో నుంచవలెను.

పొలము రాబడి యని దేనిని పిలువవచ్చునో గూడ తెలియవలెను. కాయ కోసి కల్లములో ఎండబెట్టి అమ్మినను, భూమిని కౌలునకిచ్చి కౌలు పుచ్చుకొన్నను, నారుమడి పెంచి మిరప నారు అమ్మినను వ్యవసాయాదాయమే. ఇతరుల మిర్చి కొని అమ్మినను, కారపు మిల్లు ఆడించి లాభము తీసినను, పాడి పశువుల పాలు పోసినను, రైతులకు వడ్డీకిచ్చి వడ్డీ పుచ్చుకొన్నను అది వ్యవసాయాదాయము కాదు. రైతు చేతినుండి వచ్చిన వడ్డీ గనుక వ్యవసాయమేనని వాదించిన పెద్దమనిషి యొకరిని నేనెరుగుదును. చట్టము ఆ వాదమును ఒప్పుకొనదు.

ఇక్కడనే కొందరు దళారులు ప్రవేశింతురు. "మాస్టారూ, మీ వడ్డీ కొంత మిరప మీద వేసి చూపిద్దామండీ, పొలం ఉన్నదిగదా, ఎవరడుగుతారు" అందురు. ఎవరడుగుదురనగా, రిటర్ను పత్రమే అడుగును. వ్యవసాయాదాయము 5 లక్షలు దాటినచో పొలము ఏ జిల్లాలో నున్నది, ఎన్ని యెకరములు, సొంతమా కౌలా, నీటివసతి గలదా వర్షాధారమా యని అన్నియు వ్రాయవలెను. బ్యాంకు వడ్డీ సంగతి ఆదాయపు పన్ను శాఖవారికి బ్యాంకునుండియే చేరును. తప్పుడు లెక్క చూపి తగ్గించినచో ఆ తగ్గించిన పన్నునకు రెండింతలు జరిమానా పడవచ్చును. దళారి పుచ్చుకొనిన కమీషను తిరిగి రాదు. నోటీసు మాస్టారి పేరనే వచ్చును. మరియు 5,000 దాటిన పొలము రాబడి గల పింఛనుదారునకు సహజ్ అను చిన్న రిటర్ను పత్రము పనికిరాదు. దానికంటె పెద్ద పత్రము నింపవలెను. దీనిని తెలియక చాలమంది చిన్న పత్రము వేసి పొలము మాటయే విడిచిపెట్టుచున్నారు.

వడ్డీ విషయము. విరమణ సొమ్మునకు పన్ను లేదన్న మాట నిజమైనను, దానిని డిపాజిట్టు చేసినచో పుట్టు వడ్డీకి పన్ను గలదు. తపాలా కార్యాలయమున వయోవృద్ధుల పొదుపు పథకములో 2023 ఏప్రిల్ నుండి 30 లక్షల వరకు వేయవచ్చును. ఆ వడ్డీయు పన్నునకు లోబడినదే. 60 ఏండ్లు నిండినవారికి ఒక బ్యాంకులో ఏటికి లక్ష రూపాయల వడ్డీ దాటినపుడు ముందుగ కోత కోయుదురు. పన్ను రానివారు ఇన్నాళ్లు 15-హెచ్ అని పిలువబడిన స్వయంప్రకటన పత్రమును ప్రతి యేడు మొదటనే ఇచ్చిన కోత నివారణమగును. మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో వేసిన డిపాజిట్ల వడ్డీపై ముందుకోత లేదు. కోత లేదు గనుక పన్నును లేదని సభ్యులు కొందరు తలంచుచున్నారు. అది సరికాదు; ఆ వడ్డీని గూడ లెక్కలో చూపవలెను. పాత పద్ధతి కోరుకొన్న వృద్ధులకు బ్యాంకు, సహకార బ్యాంకు, తపాలా వడ్డీలలో 50,000 వరకు తగ్గింపు గలదు. క్రొత్త పద్ధతిలో లేదు. భార్య పేర డిపాజిట్టు వేసిన పన్ను తప్పునని తలంచువారు గలరు. భర్త సొమ్ము ఊరకయే ఇచ్చి భార్య పేర వేసినచో ఆ వడ్డీ భర్త ఆదాయములోనే కలియును. ఆమె పుట్టింటి సొమ్మైనచో అది ఆమెదే.

పన్నుతో ముడిపడిన వేరొక నష్టము గలదు. 2019లో ఆరంభమైన పీఎం కిసాన్ పథకము క్రింద భూమి గల రైతు కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు వచ్చును. గడచిన పన్ను సంవత్సరములో ఆదాయపు పన్ను చెల్లించినవారికిని, నెలకు 10,000 గాని అంతకు మించి గాని పింఛను గలవారికిని, ప్రభుత్వోద్యోగము నుండి విరమించినవారికిని ఇది రాదు. నాలుగవ తరగతి పనివారికి మాత్రము పింఛను, ఉద్యోగముల విషయమున సడలింపు గలదు. కుటుంబమనగా భార్య, భర్త, మైనరు పిల్లలు. కావున భర్తకు పెద్ద పింఛను వచ్చుచుండగా భార్య పేర నున్న పొలమునకు ఈ సొమ్ము పుచ్చుకొన్నచో అది తిరిగి కట్టవలసినదే. అదే రెండు మూడు వేల పింఛను వచ్చు మిల్లు పనివాడు పన్ను చెల్లించినవాడు కానిచో దీనికి అర్హుడే. పన్ను లేకయే రిటర్ను మాత్రము దాఖలు చేయుట వేరు, పన్ను చెల్లించుట వేరు. ఈ భేదము తెలియక, పీఎం కిసాన్ పోవునను భయముతో, కోసిన సొమ్మును రాబట్టుకొనుటకు గూడ రిటర్ను వేయని పిల్లలు మన గ్రామములలో గలరు.

పింఛను బకాయిలు ఒక్కసారిగా వచ్చినపుడు ఆ యేటి ఆదాయము ఉబ్బి రేటు పెరుగును. ఆ బకాయిలు ఏ యే యేండ్లకు సంబంధించినవో ఆ యేండ్లకు పంచి లెక్కవేసి తగ్గింపు పొందుటకు చట్టములో వీలు గలదు. దానికొరకు ప్రత్యేక పత్రమును రిటర్నునకు ముందుగనే ఆన్‌లైనులో దాఖలు చేయవలెను. ముందుగ వేయనివారికి తగ్గింపు నిరాకరించి నోటీసు పంపుదురు.

ఉద్యోగి మరణించినపుడు ఇంటివారికి వచ్చు ప్రావిడెంటు ఫండునకును, సెలవు జీతమునకును, ఫండుతో ముడిపడిన బీమా మొత్తమునకును పన్ను లేదు. ఆ బీమా 7 లక్షల వరకు వచ్చును. గ్రాట్యుటీకి పైని చెప్పిన హద్దే. వితంతువునకు వచ్చు కుటుంబ పింఛను మాత్రము పన్నునకు లోబడినది. అది జీతముగ గాక వేరొక యాదాయముగ నెంచబడును గనుక 75,000 తగ్గింపు దానికి లేదు. అందులో మూడవ వంతు గాని 25,000 గాని, ఏది తక్కువైన అది, క్రొత్త పద్ధతిలో తీసివేయుదురు. నెలకు 20,000 కుటుంబ పింఛను వచ్చు ఆమెకు ఏటికి 2,40,000; ఇతర ఆదాయము లేనిచో పన్ను లేదు.

ఈ సొమ్ములు చిక్కులేక ఆమె చేతికి చేరుటకు నామినేషను సరిగ నుండవలెను. పెండ్లికి ముందు చేరినపుడు తల్లి పేరనో, అన్న పేరనో వ్రాసినదానిని పెండ్లియైన పిదప మార్చక విడిచిపెట్టినవారు మిల్లు పనివారిలో పెక్కుమంది. ఫండు ఖాతాలో భార్యా పిల్లల పేర్లతో నామినేషను తిరిగి దాఖలు చేసి, ఆధారు కార్డులో, బ్యాంకు పాసుపుస్తకములో, ఫండు ఖాతాలో ఇంటిపేరును పేరును ఒకే తీరున నున్నవో లేదో ఉద్యోగములో నుండగనే సరిచూచుకొనవలెను. ఈ కాగితములు తెచ్చి చూపినవారికి సంఘ కార్యాలయమున సరిచూచి చెప్పెదరు.